నిరుటి వాన

"మడిచీర ఆరేసుకునేదానికి గూడా నీ పర్మిషన్ కావల్లా?" అని మా అత్తగారు ఇందిరమ్మ అడిగారు. తడిచీర చేతిలో పట్టుకుని, నవ్వుతున్నట్టే అడిగారు.

"ఆ కంచె మీద వద్దత్తా. చీర నుంచి కారే నీళ్ళు గిన్నెలో పడతాయి."

"ఆ కంచెలోకి ఎవరూ పోరు, మైల తగలదు. అందుకే ఆడ వేస్తాండా. రెండు సుక్కలు పడితే నీ సొమ్మేం పోయ?"

"రెండు చుక్కలు పడితే వాన పడిందని రాయాల."

మా ఆయన బావి దగ్గర పళ్ళు తోముకుంటూ, "పొద్దున్నే ఏందే ఈ రచ్చ" అన్నారు. అత్తగారే చీర తీసుకెళ్ళి దండెం మీద వేసుకున్నారు. తగవు అంతటితో అయిపోయింది.

ఆదోని ఇంకా బళ్ళారి జిల్లాలో ఉన్న రోజుల్లో ఆ వాన కొలిచే గిన్నెను వాతావరణ శాఖవాళ్ళు మా పెరట్లో పాతి, చుట్టూ కంచె వేసిపోయారు. మా మామగారు గోవిందయ్యగారిది పత్తి వ్యాపారం. గోడలూ చెట్లూ అడ్డంలేని పెరడు ఈ వీధిలో మాదేనట. రోజూ ఎనిమిదిన్నరకు గిన్నెలోని నీటిని గీతల గ్లాసులో పోసి, ఎన్ని సెంట్లో పుస్తకంలో రాయాలి. నూరు సెంట్లు ఒక అంగుళం. వాన లేకపోతే సున్నా. నెలాఖరుకు ఒక కార్డు పూనాలోని వాళ్ళ ఆఫీసుకు, ఒక నకలు ఇక్కడి తాలూకా అధికారులకు. కార్డు మీద కొలిచేవారి పేరు సుబ్రమణ్యం అని ఉంటుంది, అంటే ఆయన. మొదటి రోజు ఆయనే చూశారు. రెండో రోజు అంగడికి పొద్దుపోయిందన్నారు. మూడో రోజు నుంచి ఐదేళ్ళుగా నేను చూస్తున్నాను. పొద్దుటి ఫలహారానికి ఉగ్గాని చేసి దించి, పొయ్యి మీద ఎసరు పెట్టి, చేతులు తుడుచుకుని వెళ్తాను. నెలాఖరుకు ఆయన సంతకం పెడతారు. "సదువుకున్న కోడలుంటే ఇదొక సౌకర్యమప్పా" అని మామగారు వచ్చినవాళ్ళతో అంటారు. నేను కాలేజీలో ఉన్నప్పుడు మా ఫిజిక్సు లెక్చరరు, ముప్పై ఏళ్ళ అంకెలు చేతిలో ఉంటే గాని ఒక ఊరి వాతావరణం ఇదీ అని చెప్పలేమనేవారు. ఇంకా ఇరవై ఐదేళ్ళు ఉన్నాయని ఒకసారి లెక్క వేసుకున్నాను.

ఈ ఆగస్టులో కాన్పుకు ఎమ్మిగనూరు, మా పుట్టింటికి వెళ్ళాను. ఆడపిల్ల. మూడు రోజులు ఉంది. మొత్తం నలభై ఒక్క రోజులు ఆ ఇంట్లో మంచం మీద పడుకుని వాకిలి బయటికి చూశాను. ఎదురింటి మగ్గాలవాళ్ళు రంగు వేసిన నూలు వీధిలో ఆరేసేవారు. ఒక్కరోజు కూడా ఎవరూ పరుగెత్తుకొచ్చి దాన్ని లోపలికి తీయలేదు.

తిరిగి వచ్చాక మొదట పుస్తకం తెరిచాను. నలభై ఒక్క రోజులూ ఆయన చేతిరాతతో నిండి ఉన్నాయి. ముప్పై ఏడు సెంట్లు. సున్నా. సున్నా. ఒక అంగుళం పన్నెండు. ఆ అంకెలు నాకు తెలుసుననిపించింది. నిరుటి పేజీలు తిప్పాను. అవే తేదీలు, అవే అంకెలు. నా అంకెలు.

"మఖ, పుబ్బ వానలు ఏటా వచ్చేవే గదా," అన్నారాయన. "ఖాళీగా పెడితే బాగుండదని నింపినా. నువ్వు రాసిందే గదా, తప్పు యాడుంది?"

కార్డులు అప్పటికే పోయాయి. నాకు కోపం రాలేదు. ఆ రోజుల్లో నాకు ఏదీ రాలేదు. బిడ్డ గురించి మేము మాట్లాడుకోలేదు. మరునాడు ఎనిమిదిన్నరకు వెళ్ళి సున్నా రాశాను.

చీర తగవు అయిన రోజే, మధ్యాహ్నం, పత్తిలో నలుసులు ఏరడానికి కోసిగి నుంచి వచ్చే భీమమ్మ నవ్వుతూ అడిగింది. "ఏమ్మా, గిన్నెలో నీళ్ళు పడినాయని అత్తతో కొట్లాడితివంట. మీ గిన్నెలో పడే వాన మా సేన్లో పడరాదా?"

"ఎందుకట్లంటావు?"

"మా పక్క సుక్క రాల్లేదు. కొర్ర కంకి కట్టకనే మాడిపాయ. శిస్తు మాఫీ సేయండప్పా అని మావోళ్ళు పోతే, కాయితంలో వాన బాగ పడింది, పోండి అన్యారంట. ఆ వాన యా దోవన పోయిందో కనపడితే సెప్పమ్మా, మా ఆయన గంజి పోసి పిల్సుకొస్తాడంట." పత్తి ఏరేవాళ్ళందరూ నవ్వారు. తర్వాత తనే అంది, "అమాసకు మూట కట్టుకొని పోతాండాం."

"యాడికి?"

"యాడ వాన పడింటే ఆడికి."

సాయంత్రం ఆయనతో, ఆ అంకెలు తప్పని రాసి పంపుదామన్నాను.

"పంపితే మన పేరేం గావల్ల? గిన్నె పీక్కొనిపోతారు. నీకుండే కాలక్షేపం అదొకటే గదా, ఉండనీ."

గిన్నె పోతుందన్నది నిజమే. రోజు మొత్తంలో నేను చూసింది చూసినట్టు చెప్పడానికి నాకున్నది ఆ పుస్తకంలో ఒక్క గడి. అది లేకపోతే ఎనిమిదిన్నరకు ఏం చేస్తానో ఆలోచించాను. ఎసరు మరిగేదాకా పొయ్యి ముందు కూర్చుంటాను. అంతకు మించి ఏమీ తోచలేదు. పెట్టె అడుగు నుంచి కాలేజీ రోజుల తెల్లకాగితాలు తీశాను.

మరునాడు మధ్యాహ్నం మామగారూ ఆయనా పీటల మీద భోజనానికి కూర్చున్నారు. అత్తగారు పక్కన విసనకర్రతో కూర్చున్నారు. రొట్టెలు అయ్యాయి. అన్నంలోకి మజ్జిగ పోస్తూ చెప్పాను.

"పూనాకు జాబు రాసి పొద్దున పోస్టులో వేసినాను. ఈడి అధికార్లకు ఇంకొకటి. ఆ నలభై ఒక్క రోజుల అంకెలు కొట్టేసుకోమని. ఆ రోజుల్లో వాన పడిందో లేదో ఎవరూ చూడలేదని."

ఆయన చెయ్యి విస్తరిలో ఆగిపోయింది. "నన్ను అబద్ధాలకోరని రాసినావా?"

"మీ పేరు ఎత్తలేదు."

"దాన్ని తీసకపోతారు గదే," అన్నారు అత్తగారు.

"తీసకపోనీండత్తా."

మామగారు నా వైపు చూడకుండా, మెల్లగా అన్నారు. "ఐదేండ్లు ఒక్కదినం తప్పకుండా కొలిచి, ఆ నలభై దినాలు ఎందుకు కొలవలేదని వాళ్ళు అడగరా? కారణం ఏమని రాసినావు?"

"కొలిచే మనిషి కాన్పుకు పోయినందున, అని రాసినాను మామా."