ఓడినట్టు ఆడే ఆర్లీన్

జూదాల ఊరు రీనోలో బ్లాక్‌జాక్ అనే పేకాట ఆడి బతకాలంటే గెలవడం ఒక్కటే వస్తే చాలదు, ఓడిపోతున్నట్టు కనిపించడం కూడా రావాలి. మొదటిది లెక్క తెలిసిన ఎవరికైనా వస్తుంది. రెండోదానికి ఓపిక కావాలి, కాస్త సిగ్గు కూడా వదిలెయ్యాలి. ఆర్లీన్ స్టబ్స్ ఓపిక పట్టింది, సిగ్గు వదిలింది.

ఆ లెక్క బ్రహ్మవిద్యేమీ కాదు. ముక్కల మొత్తం ఇరవైఒకటి దాటకుండా, పేక పంచే డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకుంటే గెలుపు. పేకలోంచి చిన్న ముక్కలు ఎక్కువగా వెళ్ళిపోతే మిగిలినవాటిలో ఆసులూ పదులూ బొమ్మలూ దండిగా ఉంటాయి. అప్పుడు మొగ్గు ఆడేవాళ్ళ వైపు రవ్వంత వస్తుంది. అది వచ్చినప్పుడు పందెం పెంచాలి, లేనప్పుడు తగ్గించాలి. కానీ మరీ పెంచితే అనుమానం వస్తుంది. లెక్కపెట్టడం నేరం కాదు కనుక జైల్లో వెయ్యరు. తలుపు చూపిస్తారు, ఫొటో తీసి ఊళ్ళోని కాసినోలన్నిటికీ పంపిస్తారు. ఆ పైన ఆర్లీన్ మళ్ళీ బూట్ల దుకాణంలో ఊరందరి పాదాలూ పట్టుకుని కొలతలు తియ్యాలి. మొగుడు పోయాక చేసిన పని అదే. చచ్చినా మళ్ళీ అక్కడికి పోకూడదని ఆమె పట్టుదల.

అందుకే గోరంతతో సరిపెట్టుకునేది. పందెం ఎప్పుడూ రెట్టింపుకి మించనిచ్చేది కాదు. బల్లల మీద నిఘా వేసే కిమెల్ దగ్గర్లో ఉన్నాడంటే ఒక వెర్రి ఆట తప్పనిసరి. "ఇవాళ మోకాలు సలుపుతోంది, ముక్క వేసుకోమని అర్థం" అంటూ పదిహేడు మీద ఇంకో ముక్క అడిగి మరీ ఓడేది. డబ్బుకి బదులు ఇచ్చే బిళ్ళలు, గెలిచిన ఆ చిప్స్‌లో చాలావరకు అల్లిక సంచిలోకి, ఊలు ఉండల కిందికి జారిపోయేవి. బల్ల మీద మిగిలేవి నాలుగే. కిమెల్ జాలిపడి రోజూ ఉచిత భోజనం ఇప్పించేవాడు. ఓడేవాళ్ళంటే కాసినోకి కొత్తల్లుడంత మర్యాద.

మధ్యాహ్నాలు ఆ బల్ల దగ్గర పేక పంచేది ఒలీటా ప్రూయిట్. అరవై దాటిన మనిషి. ఓక్లహోమా నుంచి మొగుడు హర్షెల్ వెంట వచ్చింది. హర్షెల్ పాచికల ఆటలో జీతం, కారు, చివరికి ఉంటున్న ట్రైలర్ ఇల్లు కూడా తగలేసి ఒకరోజు చెప్పకుండా వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఓడిపోయేవాళ్ళని చూస్తే ఒలీటాకి కడుపు తరుక్కుపోతుంది. కాసినోలో పనిచేసే మనిషికి ఇంతకంటే పనికిమాలిన గుణం ఇంకోటి ఉండదు.

ఆ రోజు బల్ల దగ్గర ఆర్లీన్ ఒక్కతే ఉంది.

"మళ్ళీ తగలడ్డావా తల్లీ? ఇంట్లో పొయ్యి వెలిగించే పనేం లేదా?" అంది ఒలీటా పేక కలుపుతూ.

"నా ఒక్కదానికి పొయ్యెందుకు? కిమెల్ బాబు పెడుతున్నాడుగా."

"పెడతాడు, ఎందుకు పెట్టడు! నీ ఆవుని తోలుకుపోయి నీకే గరిటెడు పెరుగు పోస్తున్నాడు."

ఆర్లీన్ పకపకా నవ్వింది. ఒలీటా నవ్వలేదు.

"నిజం చెప్పు. ఈ నెల అద్దె కట్టావా?"

"కడతాలే. ఇవాళ అదృష్టం తిరుగుతుంది, చూస్తూండు."

ఒలీటా మొహం మాడిపోయింది. హర్షెల్ కూడా ఇదే మాట అనేవాడని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. ఆర్లీన్‌కి అది అప్పుడు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. పోనీ నిజం చెప్పేద్దామా అంటే, లెక్కపెట్టే మనిషని తెలిసి కూడా పైకి చెప్పని డీలర్‌కి ఉద్యోగం ఉండదు. నోరు మూసుకుని పందెం కాసింది.

డీలర్ తన రెండు ముక్కల్లో ఒకటి తెరిచి, ఒకటి మూసి పెడుతుంది. తెరిచింది ఆసో పదో బొమ్మో అయితే, మూసినదాని అంచు ఎత్తి తను మాత్రమే చూసుకుంటుంది. ఆ రోజు ఒలీటా అంచు కాస్త ఎక్కువ ఎత్తింది, అదీ ఆర్లీన్ కూర్చున్న వైపు. ఆరు కనబడింది. చెయ్యి జారిందేమో అనుకుంది ఆర్లీన్. తర్వాతి ఆటలోనూ జారింది. తలెత్తితే ఒలీటా సూటిగా ఆమె కళ్ళలోకే చూస్తోంది.

చెయ్యి జారలేదు. అద్దెకి డబ్బుల్లేని పిచ్చిదాన్ని ఒలీటా గట్టెక్కిస్తోంది!

ఇది లెక్కపెట్టడం కాదు, పచ్చి దొంగతనం. బయటపడితే ఒలీటాకి జైలు. ఇన్నేళ్ళూ గోరంత మొగ్గు కోసం వెర్రిదాని వేషం వేసిన మనిషికి ఇప్పుడు కొండంత మొగ్గు పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు. ఆర్లీన్‌కి ఆశ పుట్టలేదంటే అబద్ధం. పుట్టింది, దాని వెనకే భయమూ పుట్టింది.

వద్దని చెప్పడానికి ఆమెకి తోచిన దారి ఒక్కటే. ఈసారి రాణి కింద అయిదు చూపించింది ఒలీటా, మొత్తం పదిహేను. ఊరుకుంటే ఒలీటాయే ముక్క లాగాలి, ఇరవైఒకటి దాటే అవకాశం ఎక్కువ. ఆర్లీన్ తన పదిహేను మీద కావాలనే ముక్క అడిగి తనే దాటిపోయింది. పిచ్చిది సరిగ్గా చూడలేదనుకుని, ఒలీటా తర్వాతి ఆటలో అంచు ఇంకా పైకి ఎత్తింది. మంచి మనసుకి మొండితనం తోడైతే ఆపడం ఎవరి తరం?

"నన్ను వదిలెయ్యి ఒలీటా. నా ఆటేదో నన్ను ఆడుకోనీ."

"హర్షెలూ ఇట్టాగే అన్నాడు," అంది ఒలీటా.

అప్పుడు మోగింది కిమెల్ దగ్గర ఫోను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, కాసినోలో ఆ పని ఈశ్వరుడికి వదలరు, సీలింగ్‌లో కెమెరాలు పెట్టుకుంటారు. కిమెల్ ఫోనులో మాట వింటూ ఇటు తిరిగాడు. చూసింది ఆర్లీన్‌ని కాదు, ఒలీటా చేతుల్ని.

తను లేచిపోతే వాళ్ళు ఆ చేతుల్నే పట్టుకుంటారని ఆర్లీన్‌కి తెలుసు. ఈ బల్ల దగ్గర ఏదో తేడా ఉందని వాళ్ళకి అనిపించింది, అంతే. ఆ తేడాకి ఒక కారణం చేతికి దొరికితే రెండోది వెతకరు. పేకలో చిన్న ముక్కలు చాలావరకు అయిపోయాయి. మామూలు రోజైతే పందెం రెట్టింపు చేసి ఊరుకునేది.

అల్లిక సంచి ఎత్తి బల్ల మీద బోర్లించింది. ఊలు ఉండలతో పాటు చిప్స్ గలగలా రాలాయి. బల్ల మీద ఎంతవరకు కాయనిస్తారో అంతా కాసింది. ఒలీటా నోరు తెరిచింది.

"పంచు," అంది ఆర్లీన్.

ఆమెకి రెండు రాజులు వచ్చాయి, ఇరవై. ఒలీటా తెరిచింది ఆరు. ఆరు మీద డీలర్ కింది ముక్క చూడదు, ముట్టుకోదు కూడా. కిమెల్ వచ్చి వెనక నిలబడ్డాడు. ఇరవై చేతిలో ఉండగా విడదీసి రెండు ఆటలు చేసేవాళ్ళు రెండే రకాలు, శుద్ధ వెర్రివాళ్ళు, లేదా పేకలో ఏం మిగిలిందో తెలిసినవాళ్ళు. ఆర్లీన్ రాజుల్ని విడదీసి ఇంకో అంత పందెం పక్కన పెట్టింది.

"మిగిలినవి చాలావరకు బొమ్మలే కిమెల్ గారూ. చూడండి కావాలంటే."

రాణి వచ్చింది, జాకీ వచ్చింది. ఒలీటా కింది ముక్క తిప్పితే పది. ఇంకోటి లాగితే అదీ పదే, ఇరవైఒకటి దాటిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఈ లెక్క?" అన్నాడు కిమెల్.

"మీరు భోజనం పెట్టడం మొదలెట్టకముందు నుంచే."

కిమెల్ ఫోను దగ్గరికి వెళ్ళాడు. "డీలర్ సంగతి వదిలెయ్యండి. ఈవిడ లెక్కపెట్టే మనిషి. ఫొటోకి పంపిస్తున్నా."

ఒలీటా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "అద్దె కట్టలేదన్నావు."

"కట్టాను."

"రోజూ గెలుస్తూనే ఉన్నావా?"

"ఆఁ."

"నేను నీ కోసమని..."

కిమెల్ తిరిగి వస్తున్నాడు. "నా కోసం నువ్వేం చేశావు?" అని గట్టిగా కసిరింది ఆర్లీన్. "ముక్కలు పంచావు. దానికి నీకు జీతం ఇస్తున్నారు."

ఒలీటా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆర్లీన్ ఆ నీళ్ళ వంక చూడలేక చిప్స్ సంచిలోకి తోసుకుంది. ఒక్కటి మాత్రం డీలర్ వైపు జరిపింది, పెద్దదే. ఒలీటా దాన్ని వేలితో వెనక్కి నెట్టింది.

"దొంగసొమ్ము నాకొద్దు."

"అదీ మాట!" అని కిమెల్ ఆమె భుజం తట్టాడు. "నీలాంటి నిజాయితీపరులుండబట్టే ఈ చోటు నడుస్తోంది ఒలీటా."

ఆర్లీన్ ఆ చిప్ తీసుకుని ఫొటో దిగడానికి వెళ్ళింది.