పక్క బల్ల జాబితా

ఆ ఆఫీసులో కంప్యూటర్లన్నీ నత్తలతో పోటీ పడుతున్నాయి. సోమవారంలోగా అక్కర్లేని ఫైళ్లు తీసేసి సగం చోటు ఖాళీ చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తానని, లేకపోతే ఆరు నెలల ప్రొబేషనుతోనే సరి అని మేనేజరు కంప్యూటరమ్మాయికి తెగేసి చెప్పాడు. ఆమె స్క్రిప్టు రాసింది. స్క్రిప్టంటే మరేం లేదు, ఏం చెయ్యాలో కంప్యూటరుకు వరసగా రాసిచ్చే చీటీ. ఏడాదిగా ఎవరూ తెరవని ఫైలు కనిపిస్తే తీసి పారెయ్యమని అందులో రాసింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పిల్లకి నిజాయితీ కాస్త ఎక్కువ. చెప్పకుండా చెయ్యడం తప్పనుకుని ఆ సంగతంతా కాగితం మీద రాసి గోడకి అంటించింది.

ఇంకేముంది, సెలవులో ఉన్నవాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు. గురువారమంతా కాఫీకి కూడా లేవకుండా, ఉన్న ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచి మూశారు. శుక్రవారం పొద్దున స్క్రిప్టు నడిపితే తెర మీద ఒకటే మాట: తొలగించినవి, సున్నా.

"మమ్మల్ని తిట్టుకోకమ్మాయ్. ఎవరి సరుకు వాళ్లకి బంగారంలాగే ఉంటుంది," అన్నాడు ఆమె పక్క బల్ల దగ్గర కూర్చునే, అందరూ బాబాయని పిలిచే పెద్ద గుమస్తా.

"మరి మీకు అటు పక్కావిడ ఫైళ్లో, బాబాయిగారూ?"

"ఆవిడవా? శుద్ధ చెత్త. ఒక్క ఉత్తరానికి తొమ్మిది కాపీలు. నాకు వదిలెయ్, గంటలో ఊడ్చేస్తాను."

ఆ మాటతో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. భోజనం సంగతి మరిచిపోయి స్క్రిప్టును తిరగరాసింది. ఇప్పుడు ఎవరి ఫైళ్ల జాబితా వాళ్లకి కాదు, పక్క బల్ల వాళ్లకి వెళ్తుంది. వాళ్లు టిక్కు పెట్టినవి పోతాయి. సొంతదారుకి మరీ అంత బెంగగా ఉంటే నెలలోగా వెనక్కి తెచ్చుకోవచ్చు.

పక్కవాళ్ల చెత్త ఏరడంలో మనుషులకుండే హుషారు అంతా ఇంతా కాదు. టైపిస్టు దగ్గర 'చివరిది', 'అసలు చివరిది', 'ఇదే చివరిది' అని వరసగా దొరికితే క్యాషియరు పగలబడి నవ్వాడు. క్యాషియరు జాబితా చూసి టైపిస్టు బదులు తీర్చుకుంది. సోమవారం మధ్యాహ్నానికి సగమేం ఖర్మ, ముప్పాతిక వంతు ఖాళీ అయింది.

మేనేజరు వచ్చి చూశాడు. బాబాయిని తన గదిలోకి పిలిచి తలుపు వేసుకున్నాడు. బాబాయి బయటికొచ్చి, తన బల్ల దగ్గర కూర్చుని, తీరిగ్గా ఏదో పని చేసుకున్నాడు.

కాసేపటికి ఆమె తెర మీద ఒక జాబితా వచ్చి వాలింది. అది ఆమెదే. తన ఫైళ్లూ పక్క బల్లకి వెళ్తాయన్న సంగతే ఆమెకు తట్టలేదు. ఎందుకైనా మంచిదని వేరే ఆఫీసులకి రాసుకున్న ఉద్యోగ దరఖాస్తులు, మొత్తం పద్నాలుగు, పేరుపేరునా అక్కడున్నాయి. సిగ్గుతో చచ్చినంత పనైంది. పద్నాలుగింటికీ టిక్కు పెట్టి, కింద బాబాయి ఇలా రాశాడు: "నీ ఉద్యోగం ఖాయం చేస్తూ మేనేజరుగారు సంతకం పెట్టేశారు, కళ్లారా చూశాను. ఇవి నీకింక దేనికమ్మా?"

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. కళ్లు తుడుచుకుంది. స్క్రిప్టు తీసేదాకా ఆగకుండా, పద్నాలుగింటినీ ఒక్కొక్కటిగా తన చేత్తోనే తీసేసింది.