చిమ్మిలి చెవి

శ్రీకాకుళంలో ఒక ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లు అల్లికలు నేర్పాను. స్వెట్టరు అవసరం లేని ఊళ్లో ఈ పద్మకుమారి అల్లికలేమిటని నవ్వినవాళ్లు బోలెడుమంది. నవ్వనీ. ఆ సూదుల సంపాదనతోనే నా తమ్ముడి కూతురు గౌతమిని ఏడేళ్లు నా ఇంట్లో ఉంచుకుని చదివించాను.

నాకు పిల్లల్లేరు. నేనేదో మర్చిపోయినట్టు అందరూ ఆ సంగతి గుర్తుచేస్తూనే ఉంటారు. గౌతమి మాత్రం అలా కాదు. వీధిలోంచి ఒక గోధుమరంగు పిల్లికూనను తెచ్చి, చిమ్మిలి అని పేరు పెట్టి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, "అత్తా, నాకు పాప పుడితే నువ్వే లాల పొయ్యాల" అనేది. కుక్క కొరికి చిమ్మిలి ఎడమ చెవి కొస తెగిపోయిన రోజు రెండు పూటలా అన్నం మానేసింది పిల్ల.

గజపతినగరంలో, పుట్టింట్లో, గౌతమికి ఆడపిల్ల పుట్టిందని ఫోనొచ్చింది. లాల పోసేటప్పుడు పసిదాని ఒళ్లు రుద్దడానికి మెత్తటి నూలు గుడ్డ అల్లాలనుకున్నాను. ఫోన్‌లో వెతికితే జానెడు గుడ్డ మీద కుందేలు మొహం ఉన్న నమూనా దొరికింది. నాకు కావలసింది పిల్లి.

కుందేలు చెవులు పద్దెనిమిది వరసలు. వాటిని ఏడుకు తగ్గించాను. దాంతో మొహం మరీ కిందికి వచ్చినట్టయింది. విప్పేశాను. ఆరు వరసలు పైకి జరిపి మళ్లీ మొదలుపెట్టాను. తిరగ కుట్లతో రెండు పక్కలా మూడేసి మీసాలు లేపాను. ఎడమ చెవి కొసలో మాత్రం మూడు వరసలు కావాలనే ఎగ్గొట్టాను. చిమ్మిలి చెవి అది. చూడగానే గౌతమి పోల్చుకుంటుంది, నవ్వుతుందో ఏడుస్తుందో అనుకుంటూ నాలుగుసార్లు విప్పి అల్లాను. మెత్తబడాలని రెండుసార్లు నీళ్లలో ఉడకబెట్టాను.

పదకొండో రోజు, పురుడునాడు, మొదటి బస్సుకే వెళ్లాను. పెరటి గుమ్మానికి లోపలి పక్కన పీట వాల్చుకుని, కాళ్లు చాపుకోబోతుంటే మరదలు ధనలక్ష్మి సున్నిపిండి గిన్నెతో అడ్డమొచ్చింది.

"నువ్వు లెగు వదినా. ఈ రోజు లాల పిల్లల్ని కన్న సెయ్యే పొయ్యాల. నీకు తెలీనిదేటున్నాది? ఏటీ అనుకోకు."

"గౌతమి నన్నే పొయ్యమంది."

"సిన్నప్పుడేటో అన్నాదిలే."

గౌతమి వైపు చూశాను. మంచం మీద కూర్చుని పాప టోపీ ముడి విప్పుతోంది. ఎంతసేపటికీ ఆ ముడి రాదు, గౌతమి తలెత్తదు. లాగితే ఊడిపోయే ముడి అది, దూరం నుంచే నాకు తెలుస్తోంది.

గుడ్డ పీట మీద పెట్టి లేచాను.

"ఇదేటి వదినా? పసిదాని ఒంటికి పిల్లేటి?" అంటూ ధనలక్ష్మి దాన్ని తీసుకెళ్లి వంటింటి గట్టు మీద పడేసింది.

పెరట్లో నిలబడ్డాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఏడేళ్లు ఆ పిల్లకు తలంటినప్పుడు పనికొచ్చిన చెయ్యి ఈ రోజు పనికిరాకుండా పోయింది.

కాసేపటికి ధనలక్ష్మి పాప నీళ్ల డేగిసా పట్టుకుని పీట దగ్గరికి వచ్చింది. వేడి తగలకుండా దాని అంచుకు నా గుడ్డ చుట్టింది. పిల్లి మొహం నిండా మసి. తల్లి వెనకే గౌతమి, చెవుల్లో దూది పెట్టుకుని, గుమ్మం పట్టుకుని నిలబడింది. నన్ను చూసి నవ్వింది.

"అత్తా, బలే దళసరిగున్నాది. అమ్మకి సెయ్యే కాలలేదట. ఇలాటిది ఇంకోటి అల్లవా? ఇందులో ఒక సెవి పొట్టిగా వచ్చేసింది సూడు. ఈసారి సరిగ్గా అల్లు."

దాని మొహంలోకి చూశాను. ఎగతాళి లేదు. చిమ్మిలీ లేదు. లోపల మొదటి చెంబు నీళ్లకు పసిది కెవ్వుమంది.

"అల్లుతానమ్మా," అన్నాను. "పిల్లిది కాదు, కుందేలుది. రెండు చెవులూ సమానంగా వస్తాయి."