నడపకుండా తీసుకురండి

లారీ అక్క పేరు మీద ఉంది. స్టీరింగు తమ్ముడి చేతిలో ఉంది. లోకంలో సగం తగాదాలు ఇలాంటి పంపకాల్లోనే పుడతాయి కాబట్టి, ఈ కథ ఎలా మొదలై ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

తమ్ముడు మంచి డ్రైవరే. కాకపోతే బండి కంటే నోరు వేగం. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో అందరూ అతన్ని కోతలరాయుడంటారు. అదేదో సన్మానం చేసి ఇచ్చిన బిరుదని అతని నమ్మకం. ఒకసారి వాలు దిగుతుంటే బ్రేకులు పట్టలేదట. రెండు తలుపులూ బార్లా తెరిచి, ఎదురుగాలిని లోపలికి పట్టి బండి ఆపాడట. గాలి జోరుకి లారీ నాలుగడుగులు వెనక్కి కూడా నడిచిందట. కావాలంటే అక్కడ టీ తాగుతున్నవాళ్ళని అడగమంటాడు. వాళ్ళెవరో, ఎక్కడుంటారో మాత్రం చెప్పడు.

అలాంటి ఇంటికి ఒక పొద్దున లారీ కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. బ్రేకు పెడల్ కింద ఉండే వాల్వులో లోపం ఉందట. బ్రేకులు పట్టించే గాలి ట్యాంకు నిండా ఉన్నా, ఒక్కోసారి ఆ వాల్వు ఇరుక్కుపోయి గాలిని చక్రాల దాకా పోనివ్వదట. కాబట్టి బండి నడపొద్దు. కొత్త వాల్వు ఉచితంగా వేస్తాం, వెంటనే సర్వీసు సెంటర్‌కి తీసుకురండి.

అక్క ఒకసారి చదివి భయపడింది. ఇంకోసారి చదివేసరికి భయం పోయి చిర్రెత్తుకొచ్చింది. వాళ్ళ ఇల్లు గుట్ట మీద. సర్వీసు సెంటరు గుట్ట కింద. మధ్యలో ఉన్నదంతా వాలే.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. సంగీతం వినిపించారు. అది అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి వినిపించారు. చివరికి ఒక అబ్బాయి వచ్చాడు, గొంతుకి తేనె పూసుకున్నట్టున్నాడు. భద్రత దృష్ట్యా బండి అసలు కదపొద్దన్నాడు. సరే, కదపం, ఎవరినైనా పంపించు నాయనా అంది. పంపించే పద్ధతి లేదు, బండినే తీసుకురావాలన్నాడు.

"నడపకుండా ఎలా తీసుకురమ్మంటావు?"

"మీ వీలును బట్టి తీసుకురండి మేడమ్."

"నెత్తిన పెట్టుకుని రానా?"

మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్నాడు ఆ అబ్బాయి. నెత్తిన పెట్టుకోవడంలో ఉండే అసౌకర్యానికో, ఇంకో దానికో ఆవిడకి అర్థం కాలేదు.

చెడిపోయిన బళ్ళని లాక్కెళ్ళే పెద్ద బండి కంపెనీకి ఒకటుందని ఎవరో చెప్తే దాని గురించి అడిగింది. ఉందన్నారు. పంపించమంది. వీలుకాదన్నారు. ఎందుకయ్యా అంటే కాసేపు నీళ్ళు నమిలి అసలు సంగతి చెప్పారు. అదీ ఆ మోడలే, దానికీ ఆ వాల్వే. దాన్నీ నడపకూడదు.

ఈ గోలంతా జరుగుతుంటే తమ్ముడు లారీ బంపరు మీద కూర్చుని కాళ్ళూపుకుంటున్నాడు. కంపెనీ వాళ్ళకేం తెలుసు, నా కాలికి తెలీదా అన్నాడు. పెడల్‌కి కొన్ని పొద్దుల్లో కాస్త బద్ధకం ఉన్న మాట నిజమేనని, మొన్న వాలు దిగుతుంటే మొరాయించిందని, బూటుతో ఒక్కటిస్తే దారికొచ్చిందని నవ్వుతూ చెప్పాడు.

అక్క నవ్వలేదు. ఇతగాడి కోతలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. బండి వెనక్కి నడవడం, తలుపులు రెక్కలవడం, ఇలా ఏదో ఒకటి లేకుండా అతను కోత కొయ్యడు. ఈ మాటలో అవేవీ లేవు. అందుకే ఈసారి ఆవిడ నమ్మింది. అతని భార్య కూడా గుమ్మంలో గిన్నె తుడవడం ఆపేసింది.

పైగా మర్నాడు పొద్దున్నే గుట్ట మీది క్వారీ నుంచి కంకర దింపుతానని మాటిచ్చి వచ్చాడు. కంకర అంటే కిందికే. నిండు బరువుతో, ఆ వాలు మీద, ఆ వాల్వుతో. వద్దురా అని అక్క నెత్తీ నోరూ బాదుకుంది. గోడకి చెప్పినా కాస్త తలూపేది. తాళంచెవి తీసి దాచింది. అతని దగ్గర ఇంకోటుంది.

"ఇచ్చిన మాట పోతే ఎలా అక్కా?"

"నువ్వు పోతే ఎలారా?"

పోయేవాడు ఇన్నేళ్ళు ఉంటాడా అని దులుపుకుని అన్నానికి లేచాడు.

తెల్లారుతుండగా అక్క స్పానరు పట్టుకుని లారీ కింద దూరింది. గాలి ట్యాంకు అడుగున ఒక ఇత్తడి బిరడా ఉంటుంది. లోపల చేరిన నీళ్ళు పోవడానికి తమ్ముడు రోజూ సాయంత్రం దాన్ని వదులు చేస్తుంటే ఆవిడ చూస్తూనే ఉంటుంది. గాలి మొత్తం పోతే వెనక చక్రాల్ని స్ప్రింగులు కరిచి పట్టుకుంటాయి. మళ్ళీ గాలి నిండేదాకా ఆ బండి కదలదు. బిరడా ఊడదీసేసరికి బుస్సుమని వచ్చిన చప్పుడుకి వీధిలో పడుకున్న కుక్క పరుగందుకుంది. ఇప్పటికి ఇంకో ఊళ్ళో స్థిరపడి ఉంటుంది.

బిరడా సంచిలో వేసుకుని అక్క మొదటి బస్సెక్కింది.

సర్వీసు సెంటర్లో అద్దాల గది, చల్లగాలి, మేనేజరు. ఆవిడ చెప్పిందంతా శ్రద్ధగా విని, ఉచిత పని ఏదైనా ఈ ఆవరణలోనే జరగాలని రూలుందన్నాడు. అసలు ఆ వాల్వు ఎంతుంటుందో చూపించమంది. తెప్పించి చూపించాడు. పెద్ద జామకాయంత ఉంది.

"అంత లారీ దీని దగ్గరికి రావాలి గానీ, ఇది లారీ దగ్గరికి రాకూడదా బాబూ?"

రూలు అన్నాడు. అక్క వెళ్ళి, కొత్త లారీలు కొనడానికి వచ్చేవాళ్ళ కోసం వేసిన సోఫాలో కూర్చుంది.

అప్పుడే తమ్ముడి ఫోను. ఎవడో దొంగవెధవ ట్యాంకు బిరడా ఎత్తుకుపోయాడట. బదులుగా తను చెక్క చెక్కి ఆ కన్నంలో బిగగొడితే తుపాకీ గుండులా ఎగిరి మేఘాల్లోకి పోయిందట, ఇంకా కిందికి రాలేదట.

"ఆ దొంగవెధవని నేనేరా. సంచిలో ఉంది, సాయంత్రం తెస్తా," అని పెట్టేసింది. మళ్ళీ మోగింది. మోగనిచ్చింది.

ఒక్కొక్కరే బేరానికి వస్తున్నారు. అక్క ఎవర్నీ నొప్పించలేదు. పక్కన కూర్చున్నవాళ్ళని ఆప్యాయంగా పలకరించి, "కొనుక్కోండి బాబూ, లక్షణమైన బండి. నడపకూడదు, అంతే," అని చెప్పింది. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మూడో ఆయన కుటుంబంతో సహా వచ్చాడు. ఆవిడ ఆయన వైపు తిరిగి గొంతు సవరించుకోగానే, మేనేజరు అద్దాల గదిలోంచి దాదాపు పరుగున వచ్చి ఫిట్టర్ని పిలిచాడు. స్కూటరు తీయమన్నాడు. రూలు ఎటు పోయిందో అక్క అడగలేదు.

ఫిట్టరు వెనక కూర్చుని, ఒళ్ళో జామకాయంత వాల్వు పెట్టుకుని ఇంటికొచ్చింది. తమ్ముడు మొహం మాడ్చుకుని అరుగు మీద ఉన్నాడు. క్వారీ వాళ్ళు ఇంకో లారీని పిలుచుకున్నారట.

ఫిట్టరు పాత వాల్వు విప్పి బొటనవేలితో నొక్కాడు. లోపలికి దిగింది. మళ్ళీ నొక్కాడు. సగం దిగింది. మళ్ళీ నొక్కితే అసలు దిగలేదు. తమ్ముడు లేచొచ్చి చేతిలోకి తీసుకున్నాడు. వేలితో నొక్కాడు, అరచేత్తో గుద్దాడు. రాయిలా ఉంది.

మరదలు గుమ్మంలోంచే అంది. "బూటుతో ఒక్కటివ్వండి. దారికొస్తుందిగా."

తమ్ముడు చేతిలో వాల్వుని చూసి, తలెత్తి వాలు వైపు చూశాడు. తర్వాత అక్క వైపు చెయ్యి చాపాడు.

"బిరడా ఇవ్వక్కా."

ఇచ్చింది. ఫిట్టరు కొత్త వాల్వు వేసేలోపు తనే కింద దూరి బిగించాడు. ఇంజను వేసి, గాలి నిండాక పెడల్ తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కి చూసుకున్నాడు. ప్రతిసారీ చక్రాల దగ్గర గాలి పలికింది.

వారం తిరక్కుండానే వీధి చివర టీ కొట్లో ఆ వాల్వు సంగతి ముందే పసిగట్టినవాడు తమ్ముడే అయిపోయాడు. బిరడా ఊడదీసి ట్యాంకు కన్నానికి బొటనవేలు అడ్డం పెట్టి, మధ్యాహ్నం దాకా గాలి ఆపాడట. అక్క వింది. ప్రాణం ఉన్నవాడు ఎన్నయినా కోస్తాడులే అని ఊరుకుంది.

ఆ సాయంత్రమే హెల్ప్‌లైన్ నుంచి ఫోన్. అదే తేనె గొంతు. మీ బండి ఇంకా మా ఆవరణకి రాలేదు మేడమ్, దయచేసి నడపకండి, వెంటనే తీసుకురండి.

అక్క పళ్ళు నూరింది. బంపరు మీద కూర్చున్న తమ్ముడికి ఫోను అందించింది.

"ఏం జరిగిందో అడుగుతున్నాడు. మొదటి నుంచి చెప్పు."

తమ్ముడు సర్దుకుని కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అసలు ఇదంతా ఎక్కడ మొదలైందంటే అబ్బాయీ, ఒకసారి నేను వాలు దిగుతుంటే ఎదురుగాలి, అంటూ ఎత్తుకున్నాడు. అవతల ఆ అబ్బాయి, సర్, ఒక్క నిమిషం సర్, అంటూనే ఉన్నాడు. అక్క లోపలికి వెళ్ళి, చాన్నాళ్ళ తర్వాత కాళ్ళు చాపుకుని కూర్చుంది.