గ్రిల్లుకు ఇవతల

"ఈ లారీ దించినంక ఇంగొకటి ఉండాది. ఆరింటికి పోతామని ఎవురూ నా మొగం సూడొద్దండి, ముందే సెప్తా ఉండా," అన్నాడు మేస్త్రి గిరి.

కోమలి తలెత్తలేదు. బల్ల మీద తోతాపురి మామిడికాయలు గుట్టగా పడి ఉన్నాయి. తొడిమ దగ్గర కత్తి పెట్టగానే సొన చిమ్ముతుంది. సీజను మొదట్లో చేతికి తొడుగులు ఒక జత ఇచ్చారు. అవి వారం తిరక్కముందే చిరిగిపోయాయి. ఇంకో జత అడిగిన ఆడవాళ్ళతో గిరి, "మీ ఇంట్లో ఊరగాయకు తొడుగులేసుకోనే కోస్తారా?" అన్నాడు. సొన పడిన చోటల్లా చర్మం నల్లగా కాలి పొరలు లేస్తోంది. ఈ పనికి రోజుకు నాలుగు వందల ఇరవై. ఆరు దాటాక ఎంత పొద్దుపోయినా నూట యాభై, అంతే.

ఆవేళ ఆమెకు చేతుల మీద ధ్యాస లేదు. పొద్దున కూతురు చంద్రికను పిల్లల ఇంట్లో చంద్రకాంతమ్మ దగ్గర దింపేటప్పుడే ఒళ్ళు కాలుతోంది. రెండున్నరేళ్ళ పిల్ల. మందు తాగించి, గుండె రాయి చేసుకుని పనికి వచ్చింది. సీజనులో ఒక్కరోజు మానితే మర్నాడు ఆ బల్ల ముందు ఇంకొకరు నిలబడి ఉంటారు. బంగారుపాళ్యం బజారులో పిల్లల డాక్టరు ఏడింటి దాకే ఉంటాడు, ఆ తర్వాత చిత్తూరు వెళ్ళిపోతాడు. ఆరింటికి బయటపడితే చూపించవచ్చు.

"అనా, నా బిడ్డకు జరం. ఈ ఒక్క పొద్దు ఇడిసిపెట్టునా," అంది.

"నీ బిడ్డ సంద్రకాంతమ్మ కాడ ఫ్యాను కింద సల్లగా పండుకోనుండాది. ఫ్యాను లేంది నీకూ నాకే. మన గురించి ఏడువు," అన్నాడు గిరి. అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు నవ్వారు.

పక్క బల్ల దగ్గర గంగులమ్మ గొంతు తగ్గించి అంది: "వాడు ఇడిసిపెట్టినా ఏం లాబం మే? వాడు ఫోను సేస్తేనే కదా ఆడ బీగం తీసేది."

ఆ మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ప్రతి తల్లికీ తెలిసిన సంగతి పిల్లల ఇంటి తాళం. ఎవరికీ చెప్పని సంగతి కూడా అదే.

నాలుగేళ్ళ కిందటి దాకా పిల్లల ఇల్లు లేదు. తల్లులు లారీల షెడ్డులో చీరతో ఉయ్యాల కట్టుకునేవాళ్ళు. నడక వచ్చిన పిల్లలు తొక్కల మధ్య తిరిగేవాళ్ళు. ఒక ఏడాది నగరి వైపు నుంచి కూలికి వచ్చిన ఒకామె కొడుకు తొక్కలగుంతలో పడి చచ్చిపోయాడు. ఫ్యాక్టరీ వాళ్ళు తల్లి చేతిలో ఏదో పెట్టి బస్సెక్కించారు. ఊళ్ళో పెద్దమనుషులెవరూ నోరు విప్పలేదు. విప్పింది ప్రార్థన మందిరం పాస్టరు ఏబెల్ ఒక్కడే. యజమాని ఇంటి ముందు మూడుపూటలు నిలబడి, తిట్లు తిని, ఊరి చివర ఖాళీగా పడి ఉన్న ఆయన రేకుల షెడ్డు అడిగి తీసుకున్నాడు. బెంగుళూరులో ఒక ధర్మసంస్థను పట్టుకుని పాలకూ గుడ్లకూ ఏర్పాటు చేశాడు. మందిరం సంఘంలోని ఒంటరి మనిషి చంద్రకాంతమ్మ పిల్లల్ని చూసుకోవడానికి వచ్చింది. ఇదంతా మంచే. ఇందులో అబద్ధం లేదు.

ఆ మరుసటి సీజనులో ఆరు కొట్టగానే ఆడవాళ్ళు పిల్లల కోసం లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. లారీలు అలాగే నిలిచిపోయేవి, కాయ మగ్గిపోయేది. ఒక ఆదివారం యజమాని ఏబెల్‌ను పిలిపించి మాట్లాడాడు. సోమవారం పిల్లల ఇంటికి ఇనప గ్రిల్లు వచ్చింది. "ఎవురెవురో వచ్చి పిల్లోళ్ళను ఎత్తుకోనిపోతే? బద్రత ముక్యం," అన్నాడు ఏబెల్. అప్పటి నుంచి ఫ్యాక్టరీలో పని అయిపోయిందని గిరి ఫోను చేస్తే తప్ప తాళం తీయరు. బిడ్డ అటువైపు ఉంటే తల్లి ఎక్కడికి పోతుంది? బల్ల ముందు నిలబడి కాయ కోస్తుంది.

మూడున్నరకు ఏబెల్ ఆటోలో వచ్చాడు. గిరితో ఏదో మాట్లాడి కోమలిని పిలిచాడు.

"బెంగులూరు వాళ్ళు వచ్చినారు తల్లీ. తల్లుల్లో ఒకరితో మాట్లాడతారంట. నువ్వు ఇంటరు సదివినావు, మాట్లాడను వస్తాది. మీరు హిందువులు గూడాను."

"గంటలో ఈడుండల్ల," అన్నాడు గిరి.

చేతులు కడుక్కుంటున్న కోమలి వెనక గంగులమ్మ వచ్చి నిలబడింది. "అంతా బాగుండాది అని సెప్పి వచ్చేయి. ఎచ్చులకు పోబాక. రేపు బిడ్డను యాడ పెడతావు?"

ఆటోలో ఏబెల్ చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుని ఉంది. యాభై దాటిన మనిషి. నాలుగు రోజులుగా నిద్రలేదన్నాడు. చిత్తూరు నుంచి వచ్చిన ఒకడు పిల్లల ఇంటిని సెల్‌ఫోన్‌లో తీసి, ఇక్కడ హిందూ పిల్లల బొట్లు చెరిపి మతం మారుస్తున్నారని వీడియో పెట్టాడు. అది బెంగుళూరు దాకా పోయింది.

"బయటోళ్ళకేం తెలుస్తాది తల్లీ మన కష్టం? ఒక పూట వస్తారు, ఫోటో తీస్తారు, తీర్పు సెప్పి పోతారు. వీళ్ళు గూడా వాని మాట నమ్మినారంటే పాలు బంద్, గుడ్లు బంద్. నువ్వు సూసిందే సెప్పు. అంతకంటే నేనేం అడగను."

పిల్లల ఇంటి వాకిట్లో తెల్లకారు నిలిచి ఉంది. ధర్మసంస్థ తరఫున వచ్చినవాడి పేరు హేమచంద్ర. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కోమలి రాగానే కుర్చీలోంచి లేచి, ఆమె కూర్చునేదాకా కూర్చోలేదు.

"మా తాతగారిది పూతలపట్టేనమ్మా. నన్ను మరీ పరాయివాడిగా చూడకండి," అని నవ్వాడు.

వరండాకు, లోపలి గదికి మధ్య ఆ గ్రిల్లు ఉంది. తాళం వేలాడుతోంది. లోపల చాపల మీద పిల్లలు నిద్రపోతున్నారు. ఇరవై మందికి పైనే ఉంటారు. మూలన పడుకున్న చంద్రిక నుదుటి మీద తడిగుడ్డ కనిపించింది కోమలికి.

"ఇక్కడ పాపకు బొట్టు పెట్టనివ్వరని ఆ వీడియోలో చెప్పారు. నిజమేనా?" అడిగాడు హేమచంద్ర.

"నేను పొద్దన పెట్టే బొట్టు సెమటకు కరిగిపోతే మల్లా దిద్దేది ఈ అక్కే సార్. ఆయమ్మ పెట్టుకోదు గానీ నా బిడ్డకు పెడతాది. దిష్టి సుక్క గూడా."

గ్రిల్లు పక్కన నిలబడ్డ చంద్రకాంతమ్మ తల దించుకుని కొంగు సర్దుకుంది.

"ప్రార్థన చేయిస్తారా?"

"అన్నానికి ముందర సేతులు జోడించి కూసోమంటారు. ఇంట్లో గూడా అట్లనే జోడిస్తాది. మా అత్త నవ్వుకుంటాది. కొట్టుకోకుండా కూసుంటే మాకదే పదివేలు."

హేమచంద్ర కూడా నవ్వాడు. ఏబెల్ ముఖంలో రక్తం తిరిగింది.

"మీకు ఇక్కడ ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

కోమలి నోటిదాకా వచ్చింది మాట. గంగులమ్మ అన్నది గుర్తొచ్చింది. తొక్కలగుంత కూడా గుర్తొచ్చింది.

"ఏమీ లేవు సార్."

హేమచంద్ర లేచాడు. "నిజం చెప్పాలంటే అయ్యగారూ, మాలాంటి వాళ్ళం బయటి నుంచి వచ్చి గంటలో మీ గురించి తీర్పు చెప్పడమే తప్పు. ఆ వీడియో తీసినవాడు చేసిన పని మేం చెయ్యం. మీ ఊరి పద్ధతులు మీకు తెలుసు. మా సహాయం కొనసాగుతుంది."

"ఆ ఒక్కమాట సాలు సార్," అన్నాడు ఏబెల్. అతని కళ్ళు తడిశాయి.

కోమలికి ఒళ్ళు మండింది. వీడియో తీసినవాడు తప్పు పట్టాలని వచ్చి బొట్టు గురించి అడిగాడు. ఇతను తప్పు పట్టకూడదని వచ్చి బొట్టు గురించే అడిగాడు. ఇద్దరూ ఆ తాళం పక్కనే నిలబడి మాట్లాడారు. ఒకడికి పగ, ఒకడికి మర్యాద. తాళం మాత్రం ఇద్దరి కళ్ళకూ ఆనలేదు. అన్నీ చూస్తున్న తాను కూడా, అడిగినప్పుడు, ఏమీ లేవు సార్ అంది.

ఆమె గ్రిల్లు దగ్గరికి నడిచింది.

"అక్కా, పాప ఎట్లుండాది?"

"పైటాల అన్నం కక్కింది. గుడ్డ తడిపేసినా. ఇప్పుడే కన్నుమూసింది."

"ఇయ్యక్కా. డాక్టరుకు సూపిస్తా."

"ఇప్పుడా?" చంద్రకాంతమ్మ ఏబెల్ వైపు చూసింది. "గిరి ఫోను సేయల్ల కదా."

"నేను ఎదురుగ్గానే ఉండాను కదక్కా. నేను తల్లినని నీకు తెలీదా?"

"తెలీక కాదు మే. ఒకరికి తీసినానంటే రేపు అందురూ ఆరింటికే వచ్చి నిలబడతారు. ఫ్యాక్టరీ ముసిలాయనకు కోపమొచ్చి షెడ్డు కాళీ సేయమంటే ఈ పిల్లోళ్ళను యాడికి తోలకపోవల్ల?"

కారు తలుపు మీద చెయ్యి వేసిన హేమచంద్ర ఆగి, "ఫోను ఎవరిది?" అన్నాడు.

"ఏం లేదు సార్, బద్రత కోసం పెట్టుకున్న ఏర్పాటు," అని ఏబెల్ గబగబా కోమలి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "బయటోళ్ళ ముందర మన ఇంటి గుట్టు ఇప్పుతావా తల్లీ? వాళ్ళు పోనీ. నేను గిరితో మాట్లాడతా. గమ్మున ఉండు."

"మాట్లాడేది దేనికయ్యగారూ? నా బిడ్డను నేను తీసకపోవడానికి గిరిని అడగల్లా?" కోమలి గొంతు తగ్గించలేదు. "సార్, ఇందాక అబద్దం సెప్పినా. ఇబ్బంది ఉండాది. ఇదిగో, ఈ బీగం. ఫ్యాక్టరీలో మేస్త్రి ఫోను సేస్తే గానీ మా పిల్లోళ్ళను మాకియ్యరు. ఎనిమిదైనా అంతే, తొమ్మిదైనా అంతే. బిడ్డకు జరమొచ్చినా అంతే."

హేమచంద్ర కారు తలుపు మీంచి చెయ్యి తీశాడు.

"నువ్వు మా సంగం దానివి కాదు," అంది చంద్రకాంతమ్మ. "ఈ ఇంటి కోసం అయ్యగారు ఎవురెవురి కాళ్ళు పట్టుకున్నాడో నీకు తెలీదు. నేను రాత్రి ఎన్ని గుడ్డలు ఉతుకుతానో నీకు తెలీదు. బయటిదానివి, నోటికొచ్చినట్ల అనబాక."

"నా బిడ్డ లోపలుండాది. నేను బయటిదాన్నా అక్కా?"

చంద్రకాంతమ్మ చీర కుచ్చెళ్ళ దగ్గర దోపుకున్న తాళం చెవిని చేత్తో పట్టుకుంది.

"ఇరవై మంది పిల్లోళ్ళు మల్లా తొక్కలగుంత కాడికే పోవల్లని ఉండాదా నీకు?" అన్నాడు ఏబెల్. ఈసారి అతని మాటలో బతిమాలుడు లేదు.

"ఆ గుంత పేరు సెప్పి ఇంగ ఎన్నేండ్లు బీగమేస్తారు? ఆపొద్దు మా కోసం ఆ ముసిలాయన ఇంటి ముందర నిలబడింది మీరే కదా. మమ్మల్ని వాళ్ళకే పట్టించేదానికా నిలబడింది?"

ఏబెల్ ముఖం ఎవరో చాచి కొట్టినట్టు అయింది. అతను హేమచంద్ర వైపు చూశాడు. హేమచంద్ర చేతి గడియారం చూసుకున్నాడు.

"ఇది... మీలో మీరు మాట్లాడుకోవలసిన విషయం కదమ్మా. నేను మధ్యలో..."

"మీరు తీర్పు సెప్పబల్లేదు సార్. పోబాకండి, అంతే. సూస్తా నిలబడండి."

అతను వెళ్ళలేదు. ఉండాలనుకుని ఉన్నాడో, వెళ్ళడానికి మొహం చెల్లలేదో, కారు పక్కనే నిలబడిపోయాడు.

ఏబెల్ జేబులో ఫోను మోగింది. అవతల గిరి గొంతు వరండా అంతా వినిపించింది. "ఏమయ్యగారూ, ఆయమ్మను పంపిస్తారా లేదా? రెండో లారీ వచ్చి నిలబడుండాది!"

ఏబెల్ ఫోను కోమలి ముందు పెట్టాడు. ఆమె దాన్ని అందుకోలేదు. అక్కడి నుంచే అంది:

"ఈ పొద్దు రాను. రేపు బల్ల ఉంటే ఉండనీ, పోతే పోనీ. బిడ్డను తీసకపోయినాకే ఈడ నుంచి కదిలేది."

"ఎవురు మే రానంటా ఉండేది? ఎవురు?" ఫోనులో గిరి అరుస్తూనే ఉన్నాడు.

ఆటోవాడు వాకిట్లో హారన్ కొట్టాడు. కోమలి గ్రిల్లుకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

ఆ గోలకు లోపల ఒక పిల్లవాడు లేచాడు. కళ్ళు నులుముకుంటూ గ్రిల్లు దాకా వచ్చి కోమలిని చూశాడు, ఆమె వెనక వాకిట్లో ఎండను చూశాడు. పొద్దున దింపి పోయాక మళ్ళీ వెలుతురుండగా ఏ అమ్మా రావడం వాడెప్పుడూ చూడలేదు; అమ్మ వస్తే ఇంటికే అని మాత్రం తెలుసు. వెనక్కి తిరిగి గట్టిగా కేక వేశాడు.

"అమ్మోళ్ళు వచ్చినారు! ల్యాయండి, ఇంటికి!"

చాపల మీద ఒక్కొక్కరే లేచారు. ఒకడు చెప్పుల కోసం వెతికాడు. ఒక పిల్ల తన సంచి, పక్కనున్న చిన్నపిల్ల సంచి రెండూ భుజానికి తగిలించుకుంది. చూస్తుండగానే గ్రిల్లు నిండా పిల్లలు. చంద్రిక ఇంకా మూలనే ఉంది, లేవలేదు. సంచులు తగిలించుకున్న వాళ్ళంతా చువ్వలు పట్టుకుని, అలవాటు ప్రకారం, చంద్రకాంతమ్మ చేతి వైపు చూస్తూ నిలబడ్డారు.