గురువారం పంపిన గ్లాసు

డెస్ ఫాక్సల్‌తో కలిసి నేను తిరిగిన పబ్బుల గురించి ఎవరూ పుస్తకం రాయరు. రాయకూడదు కూడా. వాటి ముందు పూలకుండీలుండవు, నల్లపలక మీద సుద్దతో రాసిన వంటల పేర్లుండవు. లోపల బూట్లకు అంటుకునే తివాచీ, చిరిగిన చోట టేపు అతికించిన బెంచీలు, గాజు మూత కింద ఉల్లిపాయా చీజూ పెట్టిన బన్నులు, మనం లోపలికొచ్చినందుకే నొచ్చుకుని చూసే ఒక ముసలాయన. అంతే. నాకు అలాంటివే ఇష్టం. "టేబుల్ బుక్ చేసుకున్నారా?" అని నవ్వుతూ అడిగిన చోట నేను మళ్లీ గడప తొక్కలేదు.

ప్రతి గురువారం వెళ్లేవాళ్లం. ముసలివాళ్లకిచ్చే బస్సు పాసు ఇద్దరికీ ఉంది. మా ఊరు క్రాడ్లీ హీత్‌లో బస్సెక్కి చుట్టుపక్కల ఊళ్లు గోర్నల్, టిప్టన్, నెదర్టన్, ఎటు బుద్ధి పుడితే అటు. బుద్ధి పుట్టేది మాత్రం నాకే. డెస్‌కి అలాంటివి చేతకావు. పోలీన్ బతికున్న రోజుల్లో ఏ చొక్కా వేసుకోవాలో కూడా ఆమే చెప్పేది. భార్య పోయాక వాడు కర్టెన్లు తీయకుండా టీవీ ముందు కూర్చుండిపోతే, తలుపు బాది, బూట్లు వేయించి, బస్సెక్కించింది నేను. గొలుసుల ఫ్యాక్టరీలో పక్కపక్క కొలుముల దగ్గర చెమటలు కార్చినవాళ్లం, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా? నేను లేకపోతే వీడు ఏమైపోయేవాడో అని ఎన్నిసార్లు అనుకున్నానో. పైకి అనలేదు. మొహంలో మాత్రం కనిపించే ఉంటుంది.

నా సంగతంటారా, నా భార్య ఎప్పుడో నన్ను వదిలేసి తివాచీలమ్మేవాడితో వెళ్లిపోయింది. పబ్బులో తివాచీ ఎంత దరిద్రంగా ఉంటే నాకంత నచ్చడానికి అదీ ఒక కారణం కావచ్చు. పిల్లల్లేరు. ఒంటరితనం అలవాటైపోయింది, దాంతో నాకు ఇబ్బందేమీ లేదని చెప్పుకునేవాణ్ణి.

మా పద్ధతి మారేది కాదు. మొదటి పబ్బులో గ్లాసులు నేను కొనాలి, రెండో పబ్బులో వాడు. ఇద్దరికీ నల్లటి మైల్డ్ బీరే. ఒక చిప్స్ ప్యాకెట్ కొని, నిలువునా చీల్చి, బల్ల మధ్యలో పరిచేవాళ్లం. ప్యాకెట్ మూతి చింపి చెయ్యి పెట్టి తినేవాడు ఒంటరిగా వచ్చాడని, చీల్చి పరిచినవాడికి తోడున్నాడని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అన్నిట్లోకీ నాకు ప్రాణం నెదర్టన్‌లో కాలవ పక్కనున్న హార్స్‌షూ. దాన్ని నడిపే గ్లెనిస్ మనిషన్నవాణ్ణల్లా బంగారం అంటుంది, తిట్టేటప్పుడు కూడా. ఓ గురువారం మేం లోపలికి అడుగు పెట్టామో లేదో, కౌంటర్ కిందినుంచి ఒక టోపీ తీసింది.

"ఇదిగో డెస్, నీ బుర్ర కూడా మర్చిపోయావేమోనని వెతికాను, దొరకలేదు. మంగళవారం బెంచీ మీదే వదిలేసి వెళ్లావు."

డెస్ టోపీ తీసుకుని తేలు కుట్టిన దొంగలా జేబులో కుక్కుకున్నాడు. మంగళవారాలు కాళ్ల నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని నాతో చెప్పినవాడు వాడే.

"డాక్టరు ఇక్కడికి మారాడా?" అన్నాను.

"బస్సు కోసం ఆగుతూ అలా వచ్చాన్లేరా" అన్నాడు.

నేనింకేమీ అడగలేదు. అడిగి ఉంటే అక్కడితో పోయేది. ఆ వారమంతా ఇదే ధ్యాస. మా హార్స్‌షూకి నేను లేకుండా వెళ్తాడా? ఎవరితో? దాన్ని కనిపెట్టింది నేను, వాడికి చూపించింది నేను. పెళ్లాం పారిపోయినప్పుడు కూడా ఇంత ఉక్రోషం రాలేదంటే నమ్మండి.

తర్వాతి మంగళవారం పక్క తలుపులోంచి హార్స్‌షూలోకి దూరాను. అటువైపు ఒక చిన్న గది ఉంది, పాతకాలంలో ఆడవాళ్లు ఎవరి కంటా పడకుండా తాగడానికి కట్టింది. దానికీ పెద్ద గదికీ మధ్య గరుకు గాజు తడిక. మాటలన్నీ వినిపిస్తాయి, మనుషులు కనిపించరు. గాజు మీద చెక్కిన ఒక నక్షత్రం దగ్గర మాత్రం కొంచెం తేటగా ఉంటుంది, కన్ను ఆనించి చూడొచ్చు. కౌంటర్‌లోంచి గదిలోకి చిన్న కిటికీ ఉంది. గ్లెనిస్ అందులోంచి తల పెట్టింది.

"రెండు మైల్డ్, ఒక చిప్స్" అన్నాను.

"రెండా? ఇంకెవరు బంగారం?"

అప్పుడు తెలిసింది ఏం అడిగానో. అలవాటు. "రెండూ నాకే" అన్నాను. ఆమె నన్నూ గాజు తడికనూ మార్చి మార్చి చూసింది, రెండు గ్లాసులూ నింపి ఇచ్చింది.

నక్షత్రంలోంచి చూశాను. డెస్, మేం కూర్చునే బెంచీ మీదే. ఎదురుగా తెల్ల గడ్డం మనిషి, మెడలో పట్టు రుమాలు. డెస్ వాణ్ణి గ్రెవిల్ అని పిలుస్తున్నాడు, వాడి మాటతీరు పిల్లలకు పాఠాలు చెప్పి అరిగినవాడిలా ఉంది. డెస్ ముందున్న గ్లాసులో తెల్ల వైను! హార్స్‌షూలో, గొలుసులు కొట్టిన చేతిలో, కాడ గ్లాసు! ఇంకో మనిషితో వెళ్లాడంటే ఎలాగో ఓర్చుకునేవాణ్ణి. వాళ్లిద్దరూ పగలబడి నవ్వుతున్నారు. డెస్ అలా నవ్వగలడని నాకు తెలియనే తెలియదు.

"మరి నీ గురువారం పెద్దమనిషిని కూడా తీసుకురావచ్చుగా?" అన్నాడు గ్రెవిల్.

"నార్మన్‌నా? అమ్మో, వద్దు బాబూ" అన్నాడు డెస్. "వాడుంటే నవ్వడం కూడా నేరమే. ఎక్కడికెళ్లినా ముందు తివాచీ చూస్తాడు. తర్వాత గ్లాసెత్తి దీపం ముందు పెట్టి చూస్తాడు. ఆ తర్వాత దేశం ఎలా నాశనమైందో మొదలెడతాడు, బస్సొచ్చేదాకా ఆపడు."

మళ్లీ నవ్వులు. అంతవరకూ నాకు ఒళ్లు మండుతోంది. మంట పరవాలేదు, మంటలో బతికినవాణ్ణే.

"అయితే వెళ్లడమెందుకయ్యా?"

డెస్ నవ్వు ఆపాడు. "వాడికెవరూ లేరు గ్రెవిల్. నేను వెళ్లకపోతే వారమంతా వాడితో మాట్లాడే దిక్కు లేదు. పోలీన్ ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని చెప్పింది. నార్మన్‌ని వదిలెయ్యకు, పాపం, వాడు నీకంటే ఒంటరి అంది. మాటిచ్చాను. వాడేమో నన్ను తనే ఉద్ధరిస్తున్నాననుకుంటున్నాడు. అనుకోనీ. వాడికదో తృప్తి."

మంట చప్పున చల్లారిపోయింది. దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది. తిట్టినా బాగుండేది, తిట్టుకి తిట్టు ఉంది. పాపం అన్నదానికి ఏముంది? ఇన్నేళ్లూ నేను దానం చేస్తున్నాననుకుని జోలె పట్టుకుని నిలబడ్డాను. పోలీన్‌కి తెలుసు, వాడికి తెలుసు, మెడలో రుమాలు కట్టుకున్న ఆ ముక్కూమొహం తెలియనివాడికీ తెలుసు. తెలియనిది నాకొక్కడికే.

కిటికీ మీద తట్టాను. రెండో గ్లాసు ఇంకా ముట్టుకోలేదు.

"గ్లెనిస్, ఇది డెస్‌కి ఇవ్వు. ఎవరిచ్చారంటే గురువారం అని చెప్పు."

ఆమె గొంతు తగ్గించింది. "వద్దు బంగారం. నా మాట విని ఇంటికెళ్లు."

"ఇవ్వమన్నానా."

మా దగ్గర ఒకడు పంపిన గ్లాసు వెనక్కి పంపకూడదు. పంపితే మొహాన ఉమ్మినట్టే. తాగాలి, తర్వాత బదులు కొనివ్వాలి. నాకది తెలిసే పంపాను. మళ్లీ నక్షత్రానికి కన్ను ఆనించాను.

"నేనిది అడగలేదే గ్లెనిస్" అన్నాడు డెస్.

"గురువారం పంపాడు" అంది ఆమె.

"గురువారమా? అదేం పేరయ్యా?" అని గ్రెవిల్ నవ్వాడు. ఈసారి ఒక్కడే నవ్వాడు. డెస్ తడిక వంక చూశాడు. వాడికి నేను కనిపించను. అయినా నా కంట్లోకే చూస్తున్నట్టనిపించింది. గ్లాసెత్తి, కళ్లు మూసుకుని, పిల్లలు ఆముదం తాగినట్టు గుటకేస్తూ అడుగు దాకా తాగాడు. గ్లాసు దించి లేవబోయాడు. నేను అప్పటికే పక్క తలుపులోంచి బయటపడ్డాను. వీధి మలుపు దగ్గర గుర్తొచ్చింది, ఒక్కణ్ణే కూర్చుని కూడా చిప్స్ ప్యాకెట్ నిలువునా చీల్చి పరిచి వచ్చానని.

గురువారం వెళ్లకూడదనే అనుకున్నాను. గడ్డం గీసుకుంటూ అద్దంలో సాధన కూడా చేశాను: "ఇక నుంచి గురువారాలు నాకు పనుంది." బాగానే వచ్చింది. వాడి మొహాన చెప్పి వద్దామని బస్టాపుకి వెళ్లాను. డెస్ నాకంటే ముందే వచ్చి టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చెప్దామనుకునేలోపు బస్సొచ్చింది. ఇద్దరం ఎక్కి పక్కపక్కనే కూర్చుని చెరో వైపు కిటికీలోంచి చూశాం.

"ఏంటి, మొగుడూ పెళ్లాల మధ్య గొడవా?" అన్నాడు డ్రైవరు, మమ్మల్ని ప్రతి గురువారం చూసేవాడు. ఎవరం నవ్వలేదు.

హార్స్‌షూ దగ్గర బస్సాపమని బెల్ కొట్టింది డెస్. నేనింకా ఎటు వెళ్లాలో చెప్పనే లేదు. లోపలికెళ్లాక నేను కౌంటర్ వైపు కదిలితే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కూర్చో. మంగళవారం నువ్వు పంపావుగా, ఇది నా వంతు."

నాకు మైల్డ్ తెచ్చాడు. తనకు తెల్ల వైను తెచ్చుకున్నాడు. నా ఎదురుగా, దాచకుండా పెట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"మైల్డ్ నాకెప్పుడూ పడలేదురా. ఛాతీలో మంట."

"చెప్పి ఏడవచ్చుగా?"

"చెప్తే ఊరుకునేవాడివా?"

ఊరుకునేవాణ్ణి కాదు. ఇద్దరికీ తెలుసు.

"అంతా విన్నావా?" అన్నాడు.

"విన్నాను."

"నన్నిప్పుడేం చెయ్యమంటావు మరి?"

"అబద్ధమని చెప్పు."

డెస్ కాడ పట్టుకుని గ్లాసు తిప్పుతూ చాలాసేపు ఆలోచించాడు. నా కోసం నిజంగానే వెతికాడనుకుంటాను.

"అందులో ఏది అబద్ధమని చెప్పమంటావురా?" అన్నాడు చివరికి.

వాడు చిప్స్ ప్యాకెట్ తీసి, చీల్చి, బల్ల మధ్యలో పరిచాడు. నేను ముట్టుకోలేదు. అటు గ్లెనిస్ గ్లాసులు తుడుస్తూ మావైపు చూడకుండా ఉండటానికి తెగ కష్టపడుతోంది.

"వచ్చే వారం ఎటు?" అన్నాడు డెస్, ఏమీ జరగనట్టు.

అద్దంలో సాధన చేసిన మాట నాలుక చివరికి వచ్చింది. అనేస్తే లేచి వెళ్లిపోవాలి. వెళ్లి, కర్టెన్లు వేసిన ఇంట్లో, నా మొహం చూసుకుంటూ కూర్చోవాలి. వాడికేం, మంగళవారం ఉంది.

"నీ ఇష్టం" అన్నాను. ఆ మాట వాడితో అనడం అదే మొదలు. చెయ్యి చాచి ఒక చిప్ తీసుకున్నాను.