ఫినాయిలు వాసన

సమాధుల తోటలో కూతురు పుష్పలతను గోతిలో దించి దీనమ్మ ఇంటికొచ్చేసరికి, పిల్ల బడికి వేసుకెళ్లే తెల్ల జాకెట్టు ఇంకా దండెం మీదే ఉంది. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రెండో రోజుకే పిల్ల పోయింది. పన్నెండేళ్లు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకే మాట అడిగింది. "బస్టాండులో లెట్రిన్లు కడిగొచ్చాక చేతులు సబ్బుతో రుద్దుకుంటావా?"

చేతులు కడుక్కోమని కాంట్రాక్టరు నెలకొక సబ్బు ఇచ్చేవాడు. దాన్ని దీనమ్మ కొంగున కట్టి ఇంటికి తెచ్చేది, పిల్ల జాకెట్టు ఉతకడం కోసం. బస్టాండు బోరింగు పాడై మూడు నెలలు. కాలవ నుంచి మోసిన ఆరు బిందెలూ మరుగుదొడ్లకే చాలేవి కావు. చేతులు ఇసకతో తోముకుని, చీరకు తుడుచుకుని, ఇంటికెళ్లి ఆ చేత్తోనే అన్నం కలిపి పిల్లకు పెట్టేది.

పదకొండో రోజున పనిలోకి వచ్చింది. ఆడవాళ్ల వైపు గుమ్మంలో కాంట్రాక్టరు సత్తిరాజు సీసా పట్టుకుని నిలబడ్డాడు.

"వచ్చేవా? పిల్ల సంగతి విన్నాన్లే. దేవుడి పిలుపు, మనమేం చేస్తాం! పదింటికి హెల్తాఫీసరుగారొస్తన్నారు. ఈ ఫినాయిలు గుమ్మంలో గట్టిగా చల్లెయ్. వాసన తగిల్తే లోపలికి రారు."

"మరి నీళ్లండీ?"

"ఆయనేమన్నా లోపలికెళ్లి కూచుంటారా ఏంటే?" తన మాటకు తనే నవ్వుకున్నాడు.

ఇంతలో రాజోలు బస్సు దిగి, చంకన బిడ్డతో ఒకామె గబగబా వచ్చింది. "పిన్నిగారూ, లోపల నీళ్లున్నాయాండీ?"

"ఉన్నాయని చెప్పు," సత్తిరాజు గొంతు తగ్గించాడు.

"లేవమ్మా," అంది దీనమ్మ. "బిడ్డని కింద దింపకండి. బయటికొచ్చేక హోటల్లో అడిగి, సబ్బుతో చేతులు కడుక్కోండి. అప్పటిదాకా బిడ్డ నోట్లో చెయ్యి పెట్టకండి."

"మతిపోయిందా నీకు? చల్లవే!"

"నేను చల్లనండి."

"పనక్కర్లేదా?"

"కావాలండి. బోరింగు బాగు చేయించండి, రోజూ నాలుగుసార్లు కడుగుతాను. ఇది మాత్రం చల్లనండి."

సత్తిరాజే మూత తీసి గుమ్మంలో చల్లాడు. హెల్తాఫీసరు వచ్చి, గుమ్మంలోనే ఆగి, "బాగానే ఉందే," అన్నాడు.

"లోపలికి రండి బాబూ. నీళ్లు లేవండి. నా పిల్ల చచ్చిపోయిందండి."

"ఆఁ ఆఁ, రాసుకున్నాను," అని ఆయన జీపెక్కాడు.

మర్నాటి నుంచి దీనమ్మను పనిలోకి రానివ్వలేదు. ఆమె గేటు బయట నిలబడి, వచ్చిన ప్రతి ఆడమనిషికీ అదే మాట చెబుతోంది. లోపల నీళ్లు ఇంకా లేవు.